కొల్లేటి చాంతాడుకు కొస దొరికేదెప్పుడు?

ఎంతకూ తెగని వ్యవహారాన్ని కొల్లేటి చాంతాడు అనడం తెలుగునాట వాడుక. ఈ మాట ఏనాడు ఎవరు పుట్టించారో గాని, ఇప్పుడది కొల్లేటి వ్యవహారానికే అతికినట్లు సరిపోయింది. కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది 1999లో. చేపల చెరువుల గట్లు కొట్టించింది 2006లో. అభయారణ్యం సరిహద్దు కుదించాలని శాసనసభ తీర్మానించింది 2008లో. కుదించవద్దని కేంద్రం నియమించిన నిపుణుల సంఘం చెప్పింది 2011లో. వ్యవహారం మళ్ళీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది 2025లో. ఈ పాతికేళ్ళలో కొల్లేటి గురించి రాజధానిలోనూ, ఢిల్లీలోనూ జరిగిన సమావేశాలకు, రాసిన నివేదికలకు లెక్కలేదు. లంక గ్రామంలో నలుగురినీ కూర్చోబెట్టి, ‘ఈ కొల్లేటిని ఎట్లా నిలుపుకుందాం? మీరు ఎట్లా బతుకుతారు?’ అని అడిగి, వారు చెప్పినదాన్ని కాగితం మీద పెట్టి, దాని ప్రకారం నడుచుకున్న సందర్భం మాత్రం అరుదు. చాంతాడు తెగకపోవడానికి అసలు కారణం ఇదే.

కొల్లేటికి పథకాల కొరత లేదు. పథకం వేసేవారికీ, దాని ఫలితం అనుభవించేవారికీ మధ్య మాటామంతీ కొరత ఉన్నది. ఈ కొరత తీరకుండా ఎన్ని కోట్లు మంజూరు చేసినా, ఎన్ని ఉత్తర్వులు జారీ చేసినా కొల్లేరు బాగుపడదు. కొల్లేటి మనిషీ బాగుపడడు.

ఒక్క తూము ఉన్న ఇల్లు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏళ్ళు, డెల్టా మురుగు కాల్వలు అనేకం వచ్చి ఇందులో కలుస్తాయి. వచ్చే దారులు అన్ని ఉన్నా పోయే దారి ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. పది గుమ్మాల నుంచి నీరు వచ్చి పడే ఇంటికి ఒక్క తూమే ఉంటే ఎట్లా ఉంటుందో కొల్లేరు అట్లా ఉంటుంది. ఆ తూముకు గుర్రపుడెక్క అడ్డం పడినా, మేట వేసినా, ఎవరైనా గట్టు కట్టినా నీరు వెనక్కి తన్నుతుంది.

సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున నీరు నిలిస్తే ఎంత మేర పరుచుకుంటుందో చెప్పే గీతలనే మనవారు కాంటూర్లంటున్నారు. మూడో కాంటూరు వరకు కొల్లేటి విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే సుమారు 76 వేల ఎకరాలు. అభయారణ్యం ఇదే. పదో కాంటూరు వరకు నీరు ఎక్కితే 901 చదరపు కిలోమీటర్లు, అంటే 2 లక్షల 20 వేల ఎకరాల పైమాట. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సార్ జాబితాలో చేరింది ఈ పెద్ద కొల్లేరు. సరస్సు గర్భంలో 46 గ్రామాలు, ఒడ్డు చుట్టూ 76 గ్రామాలు, మొత్తం 122 గ్రామాల బతుకు దీనితో ముడిపడి ఉన్నది.

కొల్లేరు వరద నీటిని పట్టి ఉంచి మెల్లగా వదిలే సహజమైన జలాశయం. ఈ పని జరగకపోతే ఏమవుతుందో రైతుకు లెక్క వేసి చూపడం కష్టం కాదు. వెయ్యి ఎకరాల చుట్టూ ఎత్తుగా గట్టు వేసి మూడడుగుల వరద నీటిని లోనికి రానివ్వలేదనుకోండి. ఆ నీరు మాయం కాదు. మరెక్కడో మూడు వేల ఎకరాల వరిచేలలో అడుగు లోతున నిలుస్తుంది. గట్టు ఒకరిది, మునక మరొకరిది. 2024 ఆగస్టు నెలాఖరులో, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడను ముంచింది. ఆ నీరంతా చివరికి చేరింది కొల్లేటికే. నగరంలో నీరు తీసిన తరువాత మన లంక గ్రామాల దారులు మునిగాయి. బెజవాడ మునక దేశమంతా చూసింది. కొల్లేటి మునక కొల్లేటివారే చూసుకున్నారు.

ఇక వేసవి వచ్చిందంటే కథ తిరగబడుతుంది. సరస్సులో నీరు తగ్గినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. చుట్టూ నీరే ఉన్నా తాగడానికి బిందెడు మంచినీరు కరువైన ఊళ్ళు ఇక్కడ ఉన్నాయి. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు, పురుగుమందులు, చేపల చెరువులు ఖాళీ చేసినప్పుడు వదిలే నీరు, అన్నీ చేరేది ఈ పల్లానికే. ఒకప్పుడు తాటిదోనె మీద కూర్చుని దోసిలితో ముంచుకుని తాగిన నీరు ఇదేనని ముసలివారు చెబితే పిల్లలు నమ్మడం లేదు.

మూడు సార్లు, మూడు పాఠాలు

కొల్లేటి విషయంలో ప్రభుత్వం మూడు పెద్ద అడుగులు వేసింది. మూడూ మంచి మాటతోనే మొదలయ్యాయి. మూడూ చిక్కుల్లో పడ్డాయి. ఎందుకో ఆలోచించుకోవడం అవసరం.

మొదటిది 1976లో. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వం లంక గ్రామాల పేదలచేత సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఏటేటా వరదకు పైరు పోగొట్టుకుంటున్న వారికి ఒక ఆసరా కల్పించాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టలేము. కాని ఎంత మేర చెరువులు తవ్వితే సరస్సు తట్టుకుంటుంది, నీరు పోయే దారులు ఎక్కడ వదలాలి, సంఘం చెరువు బయటివారి చేతిలోకి పోకుండా ఎట్లా చూడాలి అన్న హద్దులను అందరూ కూర్చుని ఏర్పరచుకోలేదు. తరువాతి సంవత్సరాలలో డబ్బున్నవారు లీజుల పేరిట లోపలికి వచ్చారు. సంఘాల చెరువుల పక్కన వేలాది ఎకరాలలో కొత్త గట్లు లేచాయి. సంఘ సభ్యుడికి ఏడాదికింత అని లీజు సొమ్ములో వాటా ముట్టింది. తన చెరువు గట్టు మీదే అతడు కాపలా కూలీ అయినాడు. లాభం ఎక్కువ భాగం ఎవరికి పోయిందో, చెడ్డపేరు ఎవరికి వచ్చిందో కొల్లేటిలో అడగనక్కరలేదు.

రెండవది 1999లో. ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే బాతులు బతకాలంటే కొల్లేరు కొల్లేరుగా ఉండాలి. ఇందులో వాదం లేదు. కాని ఆ గీతలోపల ప్రభుత్వ భూమితోపాటు తాతలనాటి జిరాయితీ పట్టా భూములు, డీ ఫారం పట్టాలు కూడా వేల ఎకరాలున్నాయి. ఆ హక్కులు ఏం చేస్తారు, తీసుకుంటే ఎంత ఇస్తారు, ఇవ్వకపోతే ఏ పంట వేసుకోనిస్తారు అన్నది తేల్చకుండానే గీత గీశారు. రాత్రికి రాత్రి రైతు తన పొలంలో తానే నేరస్థుడనే భయంలో పడ్డాడు. ఆ గీత నేల మీద ఎక్కడున్నదో కూడా చాలామందికి తెలియదు. ఒక సర్వేలో లోపల పడ్డ నెంబరు మరొక సర్వేలో బయట పడిందన్న ఫిర్యాదులు వింటూనే ఉన్నాము.

మూడవది 2006లో. సుప్రీంకోర్టు ఆదేశాలతో, కేంద్ర సాధికార కమిటీ పర్యవేక్షణలో ఆ వేసవిలో గట్లు కొట్టారు. యంత్రాలు దిగాయి, మందుగుండు పేలింది, వారాల తరబడి పోలీసులు కాపలా ఉన్నారు. నీటికి అడ్డు తొలగింది. సరస్సు మళ్ళీ ఊపిరి పీల్చుకున్నది. అక్రమ గట్లు కొట్టవలసిందేనన్నది మా అభిప్రాయం కూడా. అయితే గట్టు కొట్టిన మర్నాటి నుంచి ఆ గట్టు మీద కూలి చేసుకుని బతికిన మనిషి ఏం తినాలన్న ప్రశ్నకు సమాధానం ముందుగా సిద్ధం చేయలేదు. పునరావాసం మాటలు చాలా వినిపించాయి, చేతికి అందినది తక్కువ. ఫలితం అందరూ చూసిందే. కొట్టిన చోట్ల కొన్నింట చాటుమాటుగా గట్లు మళ్ళీ లేచాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ‘మూడో కాంటూరు’ అన్న వాగ్దానమూ లేచింది.

ఈ మూడింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. నిర్ణయం పైనుంచి వచ్చింది, ఊరికి తెలియజేశారు, ఊరిని అడగలేదు. అడగనివాడి మాట మీద ఎవరికీ నమ్మకం కుదరదు. నమ్మకం లేని చోట గీతకు విలువ ఉండదు. అప్పుడు గీతను కాపాడటానికి పోలీసు కావాలి. 308 చదరపు కిలోమీటర్ల నీటికి ఎందరు పోలీసులను పెట్టగలరు?

చట్టంలో కుర్చీ వేసే ఉన్నది

ప్రజలను అడగడం అంటే అధికారులు చూపే దయ కాదు. చట్టంలోనే దీనికి చోటున్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో 33-బి అనే సెక్షన్ చేరింది. ప్రతి అభయారణ్యానికి ఒక సలహా సంఘం ఏర్పరచాలని అది చెబుతున్నది. అటవీశాఖ పెద్ద అధికారి, ఆ ప్రాంతపు శాసనసభ్యుడు, పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల వారు ఇద్దరు, వన్యప్రాణుల కోసం పనిచేసే వ్యక్తులు ముగ్గురు తదితరులు అందులో ఉండాలి. అభయారణ్యం లోపలా చుట్టూ ఉన్న ప్రజలను ఎట్లా భాగస్వాములను చేయాలో సలహా చెప్పడం ఆ సంఘం విధి. 1999లోనే రామ్‌సార్ ఒప్పంద దేశాలు కూడా చిత్తడి నేలల నిర్వహణలో స్థానిక ప్రజలకు భాగం ఉండాలని మార్గదర్శకాలు ఆమోదించాయి. మన దేశం ఆ ఒప్పందంలో సభ్యురాలు.

అదే వన్యప్రాణి చట్టంలో మరొక మాట కూడా ఉన్నది. అభయారణ్యం ప్రకటించిన తరువాత లోపలి భూములపై ఎవరెవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించి, సాధ్యమైనంతవరకు రెండేళ్ళలో ఆ పని ముగించాలి. రెండేళ్ళలో ముగియవలసిన పని గురించి పాతికేళ్ళు దాటాక కూడా రైతులు అర్జీలు పట్టుకుని తిరుగుతున్నారంటే దాన్ని ఏమనాలి? పక్షిని కాపాడే సెక్షన్లు ఒక పుస్తకంలోనూ, రైతును కాపాడే సెక్షన్లు మరొక పుస్తకంలోనూ లేవు. రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి. ఒకటి అమలు చేసి రెండవది అటక ఎక్కిస్తే జనం మొదటిదాన్ని కూడా మన్నించరు.

మరి సలహా సంఘమంటే జిల్లా కేంద్రంలో ఏడాదికోసారి టీ తాగి విడిపోయే సంఘం కారాదు. అది లంక గ్రామాలలో కూర్చోవాలి. చట్టం చెప్పిన సభ్యులకు తోడు విస్తృత సమితి ఒకటి ఉండాలి. అందులో వలలు, మావులు వేసి బతికే వేటగాళ్ళు, సంఘ చెరువుల సభ్యులు, జిరాయితీ రైతులు, భూమి లేని కూలీలు, కౌలుదార్లు, బాతులు మేపేవారు ఉండాలి. ఎగువన బుడమేరు, తమ్మిలేరు ఆయకట్టు రైతులు, దిగువన ఉప్పుటేరు వెంబడి ఊళ్ళవారు ఉండాలి. మురుగు వదిలే పట్టణాల మునిసిపల్ అధికారులు తప్పక ఉండాలి. మంచినీటి బిందె మోసేది ఆడవారు గనుక వారు సగం మంది ఉంటే మాట నిజమవుతుంది. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడిన తరువాత కొల్లేటిలో ఎక్కువ భాగం ఒకే జిల్లా కిందికి వచ్చింది. అంతకు ముందు ‘అది ఆ జిల్లా పని’ అని తప్పుకునేందుకు ఉన్న సాకు చాలావరకు పోయింది.

పొరుగున చిలికాను చూద్దాం

ఇదంతా చెప్పడానికి బాగుంటుంది, జరిగేదేనా అని అడిగేవారున్నారు. పొరుగున ఒడిశాలో చిలికా సరస్సును చూపవచ్చు. అక్కడా రొయ్యల గట్లు లేచాయి. అక్కడా వేటగాళ్ళకూ, గట్లవారికీ తగాదా ముదిరింది. 1999 మేలో సొరానా దగ్గర పోలీసు కాల్పులలో నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సముద్రంతో కలిపే మార్గం మేట వేసి, చేప తగ్గి, కలుపు పెరిగి, సరస్సు చెడిపోతున్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి 1993లో ఎక్కింది.

అక్కడ సరస్సు కోసం ప్రత్యేకంగా ఒక అభివృద్ధి అథారిటీని 1991లో పెట్టారు. నీరు ఎక్కడినుంచి వస్తున్నది, ఎక్కడికి పోతున్నది, మేట ఎంత అన్నది శాస్త్రీయంగా పరీక్షించారు. ఎగువ వాగుల పరీవాహక గ్రామాలలో మట్టి కొట్టుకుపోకుండా ఆ గ్రామస్థులతోనే పనులు చేయించారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. 1999-2000లో 2 వేల టన్నులకు లోపే ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి 2001-02 నాటికి 11 వేల టన్నులు దాటింది. 2002లో చిలికా పేరు ఆ చెడ్డ జాబితాలోంచి తీసివేశారు. మంగళాజోడి అనే ఊళ్ళో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే తరువాత వాటికి కాపలాదారులై, యాత్రికులను పడవల్లో తిప్పి జీవనం చేసుకుంటున్నారు.

చిలికాలో అన్ని తగాదాలు తీరిపోయాయని ఎవరూ చెప్పరు. అక్రమ గట్ల బెడద అక్కడా మళ్ళీ మళ్ళీ తలెత్తింది. చిలికా ఉప్పుకయ్య, కొల్లేరు మంచినీటి సరస్సు. అక్కడి మందు ఇక్కడ అట్లాగే పనికిరాదు. కాని ఒక్క సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. సరస్సు బాగుపడితే ముందు బాగుపడేది వేటగాడి బుట్ట అని రుజువైనప్పుడు, ఆ సరస్సుకు కాపలా వేటగాడే కాస్తాడు.

కొలత మన చేతిలో ఉండాలి

నీటి లెక్కలు చదువుకున్న ఇంజనీర్లకే తెలుస్తాయన్న భ్రమ ఒకటున్నది. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి 7 మెట్ట జిల్లాలలో 2000 తరువాతి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహాయంతో ఒక ప్రయత్నం జరిగింది. అక్కడి రైతులు, ఆడవారు కూడా, తమ బావుల నీటిమట్టం తామే కొలిచారు. వాన ఎంత పడిందో తామే రాసుకున్నారు. ఊరి గోడ మీద ఆ అంకెలు రాసి, రబీకి ఎంత నీరున్నది, ఏ పంట వేస్తే సరిపోతుంది అని తామే లెక్క తేల్చుకున్నారు. ఎవరూ ఆంక్షలు పెట్టలేదు. చాలామంది తమంతట తామే ఎక్కువ నీరు తాగే పంటలు తగ్గించుకున్నారు. కొలిచినవాడికే బాధ్యత తెలుస్తుంది.

కొల్లేటిలో ఈ పని మరింత తేలిక. ప్రతి లంక గ్రామం దగ్గర, ఉప్పుటేరు పొడవునా ముఖ్యమైన వంతెనల దగ్గర అడుగుల గుర్తులున్న స్తంభం ఒకటి పాతితే చాలు. పంచాయతీ బడి పిల్లలచేత రోజూ నీటిమట్టం రాయించవచ్చు. వేసవిలో ఉప్పు ఎంత ఎక్కిందో చూసే చిన్న పరికరం పెద్ద ఖరీదు కాదు. ఏ గట్టు వల్ల నీరు ఎక్కడ ఆగిందో, ఏ కాల్వ నుంచి నల్లనీరు వస్తున్నదో ఊరి దగ్గరే లెక్క ఉంటే, అధికారి చెప్పినదీ, నాయకుడు చెప్పినదీ నిజమో కాదో ఊరే తేల్చుకుంటుంది. మూడో కాంటూరా, ఐదో కాంటూరా అన్న తగవు కూడా అప్పుడు కేకల మీద కాక కొలతల మీద నడుస్తుంది.

వెంటనే జరగవలసిన పనులు

సరిహద్దు గుర్తింపు ప్రతి గ్రామంలో గ్రామస్థుల ఎదుటే జరగాలి. రాళ్ళు పాతిన తరువాత సర్వే నెంబర్లతో సహా పటం తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అభ్యంతరాలకు గడువిచ్చి, ఊళ్ళోనే విచారించాలి.

జిరాయితీ, డీ ఫారం, సంఘ భూములు, ఆక్రమణలు అన్నింటినీ ఒకే గాటన కట్టరాదు. తాత ఇచ్చిన రెండెకరాల వాడినీ, బయటినుంచి వచ్చి వందల ఎకరాలకు గట్టు వేసినవాడినీ ఒకే నోటీసుతో చూడటం న్యాయం కాదు. మొదటివాడికి పరిహారమో, తగిన సేద్యపు హక్కో తేల్చాలి. రెండవవాడిని ఎవరి అండ ఉన్నా ఖాళీ చేయించాలి.

గట్టు కొట్టే తేదీకి ముందే బతుకుతెరువు ఏర్పాటు జరగాలి. కొర్రమీను, మట్టగిడస, జెల్ల, వాలుగ వంటి సహజమైన చేప పెరిగే కొల్లేటిలో వేటహక్కు లంక గ్రామాల వేటగాళ్ళ సంఘాలకే ఉండాలి. సంప్రదాయ పద్ధతిలో వేటకు అభయారణ్యం అడ్డు కాదన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. గుర్రపుడెక్క తీయడం, కాల్వలు బాగుచేయడం, ఆటపాక వంటి చోట్ల యాత్రికులకు పడవలు నడపడం, పక్షుల కాపలా, ఈ పనులన్నీ స్థానికులకే ఇవ్వాలి.

పట్టణాల మురుగు శుద్ధి కాకుండా కొల్లేటిలోకి రాకూడదు. లంక రైతు ఎరువు వాడితే నేరం అనే చట్టం, ఊరంత మురుగు వదిలే మునిసిపాలిటీని కూడా అంతే గట్టిగా అడగాలి. ఉప్పుటేరు పూడిక తీతకు, ఉప్పునీటిని ఆపే రెగ్యులేటర్లకు ఏ ఏడు ఎంత ఖర్చు పెట్టారో ప్రజలకు చెప్పాలి.

మన వంతు మనం చేశామా?

ప్రభుత్వాన్ని అడిగే ముందు గ్రామస్థులు తమను తాము కూడా ఒక మాట అడుగుకోవాలి. సంఘం పేరిట ఉన్న చెరువును బయటివారికి లీజుకు రాసిచ్చింది ఎవరు? ఊరి పెద్దలు సంతకాలు పెట్టలేదా? గట్టు లేచేటప్పుడు చూసీచూడనట్లు ఊరుకున్నది ఎవరు? పక్క ఊరి పొలం మునుగుతుందని తెలిసి కూడా మన గట్టు కాదు గదా అనుకోలేదా? లీజుదారు ఖర్చు పెట్టి తోలిన లారీలలో ఎక్కి, పేదల పేరిట ధర్నాలు చేసింది ఎవరు? ఇకనైనా పేదవాడి మాట పేదవాడే చెప్పుకోవాలి. వాడి నోటితో గట్టువాడు మాట్లాడితే ఆ మాటకు కోర్టులోనూ విలువ ఉండదు, లోకంలోనూ విలువ ఉండదు.

అట్లాగే పక్షి మనకు శత్రువు కాదు. పక్షి వచ్చిందంటే చేప ఉన్నట్లు, చేప ఉన్నదంటే నీరు మంచిదైనట్లు. చెరువుల మీద వాలిన పక్షులను తరిమేందుకు కాల్చే మందుగుండుకయ్యే ఖర్చు ఒక్కసారి లెక్క వేసుకోండి. వాటి తిండి వాటికి విశాలమైన కొల్లేటిలో దొరికితే అవి మన చెరువుల మీదికి ఎందుకు వస్తాయి?

ఏటా ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు లంకలవారు, గట్టువారు, ఎగువవారు, దిగువవారు అన్న భేదం లేకుండా అందరూ వస్తారు. వేటగాడూ వస్తాడు, రైతూ వస్తాడు, ఆఫీసరూ వస్తాడు, శాసనసభ్యుడూ వస్తాడు. అమ్మవారి ఎదుట అందరూ ఒక్కచోట నిలబడగలిగినప్పుడు, అమ్మవారి చుట్టూ ఉన్న నీటి కోసం ఒక్కచోట కూర్చోలేకపోవడం ఏమిటి? కలెక్టరు గారు, అటవీశాఖ వారు చొరవ చేసి, వచ్చే వానాకాలం ముందుగానే లంక గ్రామాలలో ఆ మొదటి సమావేశం పెట్టాలని కోరుతున్నాము. గ్రామ సభలు తమంతట తాముగా తీర్మానాలు చేసి ఆ సమావేశాన్ని అడగాలని గ్రామస్థులను మరీ మరీ కోరుతున్నాము. పిలుపు కోసం ఎదురుచూస్తే మరొక పాతికేళ్ళు గడుస్తాయి.

చాంతాడు ఎంత పొడుగైనా దానికి రెండు కొసలుంటాయి. ఒక కొస ప్రభుత్వం చేతిలో ఉన్నది. రెండవది మన చేతిలోనే ఉన్నది. పట్టుకునేవారు కావాలి.